అమ్మ ప్రార్థన.. బిడ్డకు అర్థమవుతోందా?

రాత్రి ఎనిమిది గంటలు. తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో రెండో షిఫ్టుకు వెళ్లిన తండ్రి ఇంకా ఇల్లు చేరలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే తల్లి చాప పరిచి, తలమీద కొంగు కప్పుకుని పిల్లల్ని పిలుస్తుంది. ‘‘రండి నాయనా, ప్రార్థన చేసుకుని తిందాం’’. పెద్దవాడు కన్నడ పుస్తకం మూసి వచ్చి కూర్చుంటాడు. చిన్నది ఇంగ్లీషు రైమ్సు పాడుకుంటూ వస్తుంది. తల్లి తెలుగు బైబిలు తీసి ఒక కీర్తన చదువుతుంది. పిల్లలు ‘ఆమేన్’ అంటారు. విన్నదానిలో ఎంత అర్థమైందో వాళ్లకే తెలియాలి.

సండూరు తాలూకా తారానగర్‌లోనే కాదు, బళ్లారి నుంచి సిరుగుప్ప దాకా, ఇటు రాయదుర్గం పొలిమేర దాకా తెలుగు మాట్లాడే క్రైస్తవ ఇంట్లో ఇది కొత్త సంగతి కాదు. అమ్మకు కన్నడం మాట్లాడ్డం వస్తుంది, చదవడం రాదు. బిడ్డకు తెలుగు మాట్లాడ్డం వస్తుంది, చదవడం రాదు. ఒకే చాప మీద కూర్చున్న తల్లికీ బిడ్డకూ మధ్య సరిహద్దు గీత పడింది. ఆ గీత మీదుగా అమ్మ విశ్వాసం బిడ్డకు చేరుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

‘అమ్మ భక్తి పిల్లలకు ఊరికే అబ్బుతుందిలే’ అనేవాళ్లు చాలామంది. ఊరికే ఏదీ అబ్బదు. అలాగని అంతా అమ్మే చూసుకోవాలనడం కూడా న్యాయం కాదు. ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పుకోవాల్సిన సమయం వచ్చింది.

ఈ నేల మీద తెలుగు అతిథి కాదు

ముందు ఒక అపోహ తీసేయాలి. బళ్లారి ప్రాంతంలో తెలుగు నిన్నమొన్న గనుల పనికి వచ్చినవాళ్లతో మాత్రమే వచ్చింది కాదు. మద్రాసు రాష్ట్రంలో బళ్లారి దత్త మండలాల్లో ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలిన ప్రాంతం మైసూరుకు వెళ్లాయి. అంతకుముందే, 1949లో సండూరు సంస్థానం భారతదేశంలో కలిసి బళ్లారి జిల్లాలో భాగమైంది. గీత గీసింది ప్రభుత్వాలు. చుట్టరికాలు, పెళ్లి సంబంధాలు, ప్రార్థన కూటాలు గీతకు రెండు వైపులా అలాగే మిగిలాయి.

క్రైస్తవం కూడా ఇక్కడ పాతదే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి వచ్చారు. ఆయన ఇక్కడే ఉండి బైబిలును కన్నడంలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. వార్డ్లా పేరుతో బళ్లారిలో ఉన్న పాఠశాల 1846 నాటిది. బళ్లారిలో పనిచేసిన వార్డ్లాయే తర్వాత విశాఖపట్నంలో జాన్ హే తో కలిసి తెలుగు బైబిలు అనువాదంలో చెయ్యి వేశారు. అంటే కన్నడ బైబిలుకూ, తెలుగు బైబిలుకూ రెండింటికీ బళ్లారితో బంధుత్వం ఉంది. ఈ ఊళ్లో ఒక ఇంట్లో రెండు బైబిళ్లు పక్కపక్కన ఉండటం వింతేమీ కాదు. ఉండకపోవడమే వింత.

కానీ జరుగుతున్నదేమిటి? బడిలో కన్నడం తప్పనిసరి. 2015లో కర్ణాటక ప్రభుత్వం అందుకు చట్టం కూడా చేసింది. ఉంటున్న రాష్ట్రం భాష బిడ్డలు నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, నేర్చుకోవాలి కూడా. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో ఎవరూ నేర్పరు. అమ్మకు తీరిక లేదు, నాన్నకు పట్టదు, సండే స్కూలులో అడిగేవారు లేరు. ఇలా రెండు తరాలు గడిస్తే అవ్వ గీతలు గీసుకుని, కన్నీళ్లతో తడిపి చదివిన బైబిలు మనవడికి బీరువాలో దాచిన పాత పుస్తకం అవుతుంది. అప్పుడు అవ్వ చదివిన వాక్యం కాదు, ఫోటో మాత్రమే గోడమీద మిగులుతుంది.

తిమోతి ఇల్లు కూడా సరిహద్దు ఇల్లే

తల్లి విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు ప్రతి పాస్టరూ తిమోతి పేరు ఎత్తుతారు. అతని తల్లి యునీకే, అవ్వ లోయి. తెలుగు బైబిలులో అక్కడ ‘అవ్వ’ అనే మాటే ఉంది, రాయలసీమ ఇంట్లో పిలుచుకునే పిలుపే. అయితే ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పేవాళ్లు తక్కువ.

తిమోతి ఊరు లుస్త్ర. అక్కడి జనం తమలో తాము లుకయోనియ భాష మాట్లాడుకునేవారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతోంది. తండ్రి గ్రీకువాడు. తల్లి యూదురాలు. అంటే వీధి భాష ఒకటి, నాన్న భాష ఒకటి, అమ్మ పూర్వికుల లేఖనాల భాష ఇంకొకటి. పైగా బిడ్డకు యూదుల ఆచారం ప్రకారం సున్నతి కూడా జరగలేదు. ఆ ఇంట్లో తల్లి మాటే అన్ని విషయాల్లోనూ చెల్లిందని అనుకోవడానికి వీల్లేదు. అయినా పసితనం నుంచే బిడ్డకు లేఖనాలు తెలిశాయని పౌలు రాశాడు. తండ్రి విశ్వాసం గురించి ఒక్క మాటా లేదు. అవ్వ పేరు, అమ్మ పేరు మాత్రం చరిత్రలో నిలిచాయి.

యునీకే ఏ భాషలో నేర్పింది? ఆ కాలానికి యూదుల లేఖనాలు గ్రీకులోకి వచ్చేశాయి. పాలస్తీనాకు బయట ఉన్న యూదులు ఎక్కువగా చదివింది, విన్నది ఆ గ్రీకు అనువాదమే. బహుశా ఆమె కూడా బిడ్డకు అందే భాషనే పట్టుకుంది. హీబ్రూ వస్తేనే దేవుడు అర్థమవుతాడని కూర్చుని ఉంటే తిమోతి తిమోతి అయ్యేవాడు కాదేమో.

తారానగర్ అమ్మకు ఇందులో పెద్ద పాఠం ఉంది. భాష మీద మమకారం మంచిదే. కానీ విశ్వాసాన్ని భాషకు తాకట్టు పెట్టకూడదు. బిడ్డకు కన్నడ బైబిలు చదవడం వస్తే కన్నడంలోనే చదివించాలి. అమ్మ తెలుగులో వివరించాలి. రెండు బైబిళ్లు ఒకే చాప మీద తెరిచి, అదే అధ్యాయం ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో చదివితే నెలకో రెండు నెలలకో బిడ్డకు తెలుగు అక్షరాలు కూడా పట్టుబడతాయి. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే కదా. అలా చదివితే అమ్మకూ కన్నడ అక్షరాలు వస్తాయి. నేర్పబోయి నేర్చుకోవడం అంటే ఇదే.

చెప్పింది కాదు, చూసింది నిలుస్తుంది

బిడ్డ అమ్మ చెప్పినదాన్ని సగం మరిచిపోతాడు. చూసినదాన్ని మరిచిపోడు. జీతం రాని నెలలో అమ్మ ఎవరి దగ్గర చేయి చాచిందో, ఎవరి ముందు మోకరించిందో వాడు చూస్తాడు. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశంతో బళ్లారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆగిపోయింది. లారీల మీద, లోడింగు మీద, క్రషర్ల మీద బతికిన ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. అలాంటి రోజుల్లో అమ్మ పక్కింటావిడకు గిన్నెడు బియ్యం ఇచ్చిందా, దాచిపెట్టిందా అన్నది పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. అది ఏ ప్రసంగంలోనూ రాని పాఠం.

2020 మార్చి నుంచి కరోనా లాక్‌డౌనులో మందిరాలు మూతబడ్డాయి. ఆదివారం ఆరాధన ఇంట్లోకి వచ్చింది. చాలా ఇళ్లలో ప్రార్థన నడిపింది ఎవరు? పల్లవి ఎత్తుకుంది ఎవరు? అమ్మే. అప్పటిదాకా మందిరంలో ఒక మూల చాప మీద కూర్చున్న ఆమె ఆ నెలల్లో ఇంటికి కాపరి అయ్యింది. ఆ సంగతి మందిరాలు తెరిచాక సంఘాలు ఎంత త్వరగా మరిచిపోయాయో కూడా చూశాం.

దోర్నకల్ పేరు తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఆ అధ్యక్ష మండలానికి 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి పల్లెటూరి గురువు. బిడ్డ లేఖనాలు బాగా నేర్చుకోవాలని పట్టుబట్టింది మాత్రం తల్లి ఎలెన్. అరవ నేల మీద ఒక తల్లి పెట్టిన ఆ విత్తనం పండింది తెలుగు నేల మీద. ఆయన తెలుగు నేర్చుకుని, పల్లెల్లోని నిరుపేద జనం మధ్య పనిచేసి 1945లో కన్నుమూశారు. అమ్మ నేర్పింది ఒక భాషలో, కొడుకు దాన్ని పంచింది ఇంకో భాషలో. సరిహద్దు జిల్లా తల్లులు గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట ఇది.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి ప్రార్థించింది అయిదుగురు. అందులో మిషనరీ లైమన్ జ్యూయెట్ పేరు అందరికీ తెలుసు. మిగిలినవారిలో ఆయన భార్య, జూలియా, రూత్ - ముగ్గురూ ఆడవాళ్లే. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి చెప్పుకునేటప్పుడు జాన్ క్లౌ పేరు వినిపిస్తుంది. అంతకు ఇరవై నాలుగేళ్ల ముందు చలిలో కొండెక్కిన ఆడవాళ్ల పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

ఇంకో మాట. తల్లి ప్రభావం అనేది క్రైస్తవ ఇంటి సొత్తు మాత్రమే కాదు. సాధు సుందర్ సింగ్ తల్లి సిక్కు కుటుంబపు ఇల్లాలు. చిన్నప్పుడే బిడ్డకు గీత నేర్పించింది, సాధువుల దగ్గరకు తీసుకెళ్లింది. కొడుకు పద్నాలుగేళ్లవాడై ఉండగా ఆమె చనిపోయింది. తర్వాత అతను క్రీస్తును నమ్మి, 1905లో బాప్తిస్మం పొంది, కాషాయం కట్టి ఊరూరా తిరిగాడు. తాను సాధువు కావడానికి కారణం అమ్మే అని చివరిదాకా చెప్పుకున్నాడు. దేవుణ్ణి వెతకాలనే దాహం అమ్మ పెట్టింది. పక్కింట్లో దీపం పెట్టే తల్లి భక్తిని ఎగతాళి చేసే క్రైస్తవ తల్లి ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. పక్కవాళ్ల దేవుణ్ణి తిట్టడం విన్న బిడ్డకు ప్రేమ అంటే ఏమిటో ఎవరు నేర్పుతారు?

బలవంతం వేరు, ఎదురుచూడటం వేరు

చిన్నప్పుడు చాప మీద కూర్చున్న బిడ్డ పదిహేడేళ్లు వచ్చేసరికి కూర్చోడు. బళ్లారిలో కాలేజీ, బెంగళూరులో ఉద్యోగం. ఆదివారం ఫోను చేస్తే ‘‘గుడికి పోయినావా నాయనా?’’ అని అమ్మ అడుగుతుంది. ‘‘పోయినాలేమ్మా’’ అంటాడు. పోలేదని ఇద్దరికీ తెలుసు. ఇక్కడే చాలామంది తల్లులు తొట్రుపడతారు. ఏడుస్తారు, ఒట్లు పెట్టిస్తారు, ‘నేను చచ్చిపోతాను’ అంటారు. పిల్లవాడు అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు తప్ప ప్రార్థన చేయడం నేర్చుకోడు.

ఉత్తర ఆఫ్రికాలో తగస్తే ఊరి మోనిక కథ ఇక్కడ పనికొస్తుంది. భర్త పత్రిసియుస్ చాలాకాలం క్రైస్తవుడు కాడు. కొడుకు అగస్టీను తెలివైనవాడు, కానీ తల్లి దారి వదిలి మాని మతంలో తిరిగాడు. అతనితో వాదించి దారిలో పెట్టమని ఆమె ఒక బిషప్పును బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాదించి లాభం లేదు, కొన్నాళ్లు వదిలేసి ప్రార్థించమన్నాడు. 383లో కొడుకు తల్లిని మోసం చేసి, ఆమె ప్రార్థనలో ఉండగా రాత్రికి రాత్రి ఓడెక్కి రోమా వెళ్లిపోయాడు. ఆమె వెంటపడి సముద్రం దాటింది. నాలుగేళ్ల తర్వాత, 387 ఈస్టరు నాడు మిలానులో బిషప్పు అంబ్రోసు చేతుల మీదుగా అగస్టీను బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది ఇంటికి తిరిగి వెళ్లే దారిలో ఓస్తియా రేవులో మోనిక కన్నుమూసింది.

ఈ కథలో కన్నీళ్ల గురించి ప్రసంగాలు చాలా వస్తాయి. గమనించాల్సింది వేరే ఉంది. ఆమె కొడుకును వదల్లేదు, అలాగని కట్టెయ్యలేదు. మోసం చేసిన కొడుక్కి తలుపు మూయలేదు. తల్లి తలుపు తెరిచి ఉంచితే బిడ్డ ఎప్పటికైనా ఆ గడప తొక్కుతాడు. మూసేస్తే, దేవుడి తలుపు కూడా మూసే ఉందనుకుంటాడు.

హాస్టలు పిల్లలకు హన్నా పంపిన అంగీ

సరిహద్దు జిల్లాల్లో చాలామంది పిల్లలు హాస్టళ్లలో పెరుగుతున్నారు. పని ఎక్కడుంటే అక్కడికి తల్లిదండ్రులు పోతారు కాబట్టి బిడ్డను బళ్లారిలోనో గుంతకల్లులోనో పెడతారు. బిడ్డ కళ్ల ముందు లేకపోతే అమ్మ ఏం నేర్పగలదు?

హన్నా కొడుకు సమూయేలు పాలు మానగానే షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర పెరిగాడు. అంటే హాస్టలు పిల్లవాడే. ఏటా బలి అర్పించడానికి వచ్చినప్పుడల్లా హన్నా వాడికి చిన్న అంగీ కుట్టి తెచ్చేదని బైబిలు చెబుతోంది. ఎంత చిన్న సంగతి! కానీ ఏడాదికి ఎంత ఎత్తు పెరిగి ఉంటాడో, భుజాలు ఎంత వచ్చి ఉంటాయో ఊహించుకుంటూ కుట్టాలి కదా. ఏడాది పొడుగునా బిడ్డను మనసులో కొలుస్తూ ఉంటే తప్ప అది కుదరదు. ఈ రోజుల్లో ఆ అంగీ ఒక ఫోను మాట కావచ్చు, నెలకోసారి హాస్టలు గేటు దగ్గర కూర్చుని డబ్బాలో తెచ్చిన చిత్రాన్నం తినిపించడం కావచ్చు. ‘నీ గురించి ప్రతిరోజూ ప్రార్థిస్తున్నా’ అన్న మాట బిడ్డకు తెలియాలి. దాచుకున్న ప్రేమ బిడ్డకు అందదు.

అదే గ్రంథంలో ఇంకో సంగతి ఉంది. మందిరంలోనే పుట్టి పెరిగిన ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు చెడిపోయారు. హన్నా కొడుకు సమూయేలు ప్రవక్త అయ్యాడు, కానీ అతని కొడుకులు లంచాలు తిన్నారు. కాబట్టి మంచి తల్లికో, మంచి తండ్రికో పుడితే చాలు, బిడ్డ తప్పక మంచివాడవుతాడని హామీ ఎక్కడా లేదు. ఈ మాట పదేపదే చెప్పుకోవాలి. ఎందుకంటే కొడుకు తాగుబోతయితే ‘తల్లి పెంపకం సరిగా లేదు’ అనే నోళ్లు ఊళ్లోనూ ఉన్నాయి, సంఘంలోనూ ఉన్నాయి. కొడుకు బాగుపడితే ‘తండ్రి పేరు నిలబెట్టాడు’ అంటారు. చెడిపోతే మాత్రం తల్లి లెక్కలో రాస్తారు. ఇదెక్కడి న్యాయం?

నాన్న ఏం చేస్తున్నట్టు?

అమ్మ చాప పరిచినప్పుడు నాన్న ఎక్కడున్నాడన్నది రెండో ప్రశ్న. షిఫ్టులో ఉంటే సరే. ఇంట్లోనే ఉండి టీవీ ముందో, సెల్లు పట్టుకునో కూర్చుంటే? బిడ్డ రెండూ చూస్తాడు. ప్రార్థన ఆడవాళ్ల పని, మగవాడయ్యాక మానేయవచ్చు అన్న పాఠం వాడికి మాటల్లేకుండానే అందుతుంది. ఎన్ని వేల సార్లు అమ్మ పిలిచినా నాన్న ఒక్కసారి చాప మీద కూర్చున్న దృశ్యం చేసే పని వేరు.

సంఘం మాట కూడా తీయాలి. మే నెల రెండో ఆదివారం వచ్చిందంటే చాలా మందిరాల్లో తల్లులకు పువ్వులు ఇస్తారు, పాటలు పాడతారు. ఆ పండుగ కూడా ఒక సండే స్కూలు టీచరు జ్ఞాపకంగానే మొదలైంది. అమెరికాలో గ్రాఫ్టన్ అనే ఊరి మెథడిస్టు మందిరంలో 1908 మే 10న అన్నా జార్విస్ తన తల్లి పేరున ఆరాధన జరిపించింది. మరుసటి ఆదివారం నుంచి మన మందిరాల్లో ఏమవుతోంది? సంఘ కమిటీలో తల్లులు ఎందరు? సండే స్కూలు ఏ భాషలో నడవాలో ఎవరు తేలుస్తున్నారు? వీధి వీధికీ తిరిగి ఉపవాస ప్రార్థనలు నడిపేది స్త్రీల సమాజం. నిర్ణయాలు మాత్రం మగవాళ్లవి. పువ్వు ఇచ్చి మాట లాక్కుంటే అది గౌరవం కాదు.

ఇంగ్లండులోని ఎప్‌వర్త్ ఊళ్లో సుసన్నా వెస్లీ అనే గురువు భార్య ఉండేది. పందొమ్మిది మంది బిడ్డలు, దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. బతికినవాళ్లకు ఇంట్లోనే చదువు చెప్పింది. ఎంత పనున్నా వారంలో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క సాయంత్రం కేటాయించి, విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ, కీర్తనకారుడు చార్లెస్ వెస్లీ ఆమె బిడ్డలే. 1711-12 చలికాలంలో భర్త లండనులో ఉండగా ఆమె ఇంట్లో పిల్లలతో, పనివాళ్లతో ఆదివారం ప్రార్థన మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు చేరారు. వస్తూ వస్తూ రెండు వందల మంది అయ్యారు. భర్త బదులు పనిచేస్తున్న గురువుకు అది నచ్చక ఫిర్యాదు రాశాడు. భర్త మానుకోమన్నాడు. జనానికి మేలు జరుగుతుంటే ఎలా మానను, ఆపాలనుకుంటే గట్టిగా ఆజ్ఞ ఇవ్వండి, దేవుని ఎదుట ఆ బాధ్యత మీదే అని ఆమె తిరిగి రాసింది. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు. మూడు వందల ఏళ్ల కిందటి ఆ ఇల్లాలికి దొరికినపాటి చోటు నేటి మన సంఘాల్లో ఎందరు తల్లులకు దొరుకుతోంది?

చేయగలిగినవి పెద్దవేం కావు

పెద్ద ఖర్చులు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. తారానగర్ నుంచి సిరుగుప్ప దాకా ఏ చిన్న సంఘమైనా రేపటినుంచే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి.

కుటుంబ ప్రార్థనలో రెండు బైబిళ్లు ఉండాలి. ఒకటి అమ్మది, ఒకటి బిడ్డది. పది వచనాలు చాలు. చదివాక ‘నీకేం అర్థమైంది?’ అని అడగాలి. బిడ్డ కన్నడంలో చెప్పినా, సగం ఇంగ్లీషులో చెప్పినా వినాలి. మధ్యలో అడ్డుపడి భాష దిద్దితే మరుసటి రోజు నోరు తెరవడు.

సండే స్కూలులో కంఠత వాక్యం ఏ భాషలో చెప్పినా మార్కు ఇవ్వాలి. కానీ పాట ఒకటి మాత్రం అవ్వల భాషలో నేర్పాలి. వారానికి ఒక పాట చొప్పున ఏడాదిలో యాభై పాటలు వస్తాయి. పాటతో పాటు మాట, మాటతో పాటు అక్షరం వస్తాయి. ఏ నెలైనా ఒక ఆదివారం అవ్వల్ని పిలిచి, వాళ్ల చిన్ననాటి కష్టాలు, ఆదుకున్న సంగతులు పిల్లలకు చెప్పించాలి. ఆ సాక్ష్యం ఏ పుస్తకంలోనూ దొరకదు. చెప్పకుండా వాళ్లు వెళ్లిపోతే మళ్లీ రాదు.

చదువు రాని తల్లికి రాత్రిపూట అరగంట అక్షరాలు నేర్పే బాధ్యత స్త్రీల సమాజం తీసుకోవాలి. పండిత రమాబాయి తల్లి లక్ష్మీబాయికి ఆనాటి జనం కాదన్నా భర్త సంస్కృతం నేర్పాడు. ఆమె తన బిడ్డకు నేర్పింది. ఆ చదువే పుణే దగ్గర కేడ్‌గావ్‌లో వందలాది దిక్కులేని ఆడవాళ్లకు ఆసరా అయ్యింది. తల్లికి అక్షరం వస్తే అది ఒక్క తరంతో ఆగదు.

నాన్నలకు ఒక్కటే. షిఫ్టు లేని రోజు చాప మీద కూర్చోవాలి. ప్రార్థన చేయడం రాకపోతే ‘ఆమేన్’ అయినా అనాలి.

సంఘ పెద్దలకూ ఒక్కటే. సండే స్కూలు, యువజన కూటాల గురించి నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర సగం కుర్చీలు తల్లులకు వేయాలి. బిడ్డల్ని పెంచే చేతులకు వాళ్ల గురించి మాట్లాడే హక్కు లేకపోతే ఆ సంఘం రేపటి సంగతి మరిచినట్టే.

చివరికి మళ్లీ ఆ చాప దగ్గరకే రావాలి. నారిహళ్ల చెరువు మీద గాలి చల్లబడే వేళకు తల్లి కొంగు కప్పుకుని కూర్చుంటుంది. ఆమెకు వేదాంతం తెలియకపోవచ్చు. రేపటి సరుకులకు డబ్బుల్లేవని మాత్రం తెలుసు. అయినా బిడ్డల తల మీద చెయ్యి వేసి ఏదో చెబుతుంది. ఆ మాటలు బిడ్డకు పూర్తిగా తెలియకపోయినా ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. చెయ్యి బరువుతో పాటు మాట కూడా తెలిసేలా చేయడం ఆమె ఒక్కదాని పని కాదు. నాన్నది, సంఘానిది, గీతకు రెండు వైపులా ఉన్న తెలుగువాళ్లందరిదీ.